కుక్కపిల్ల కోసం ఇల్లు సిద్ధం: ఎదురెదురుగా నడిచే రెండు గడువులు

క్లుప్తంగా: కొత్త మనుషులను, చప్పుళ్లను, చోట్లను కుక్కపిల్ల సులువుగా అంగీకరించే కాలం దాదాపు 12 నుంచి 14 వారాల వయసుకు ముగుస్తుంది. టీకాల రక్షణ స్థిరపడేది మాత్రం 16 వారాలు దాటాకే. పిల్ల ఇంటికి వచ్చే 8వ వారం ఈ రెండు గడువులకూ ముందు పడుతుంది. ఇంట్లో చేసే మార్పులు, తిండి, నిద్ర, బయటకు తీసుకెళ్లే వేళలు, చివరికి పిల్లను తెచ్చే తేదీ కూడా ఈ లెక్క మీదే ఆధారపడతాయి.

2025 ఆగస్టులో దేశమంతా కుక్కల గురించి మాట్లాడుకుంది. ఢిల్లీ వీధికుక్కలను షెల్టర్లకు తరలించాలని ఆ నెల 11న సుప్రీంకోర్టు ఆదేశించింది. 22న ఆ ఆదేశాన్ని సవరించి, రేబీస్ సోకినవి, దూకుడుగా ఉన్నవి మినహా మిగిలిన కుక్కలకు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స, టీకాలు చేసి పట్టిన చోటే వదలాలని చెప్పింది. అదే నెలలో హైదరాబాద్‌లో జీహెచ్ఎంసీ బంజారాహిల్స్ జలగం వెంగళరావు పార్కులో వీధి కుక్కపిల్లల దత్తత మేళా నిర్వహించింది. దత్తత అనే మాట అప్పటి నుంచి తరచుగా వినిపిస్తోంది.

దత్తత తీసుకున్నా, డబ్బు పెట్టి కొన్నా, ఇంటికి తెచ్చిన వారంలోపే చాలా కుటుంబాలు ఒకే సందిగ్ధంలో పడతాయి. టీకాలన్నీ అయ్యేదాకా గడప దాటనివ్వకండి అని ఒకరు చెబుతారు. ఇప్పుడే నలుగురిలో తిప్పకపోతే పిరికిదై కరవడం మొదలుపెడుతుందని మరొకరు చెబుతారు. రెండు మాటల్లోనూ నిజం ఉంది. రెండూ ఎందుకు ఢీకొంటున్నాయో అర్థమైతే, ఇంట్లో ఏం సర్దుకోవాలన్నది చాలావరకు దానంతట అదే తేలుతుంది.

మనసు తలుపు తెరిచి ఉండే వారాలు

అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో, బార్ హార్బర్ పట్టణంలోని జాక్సన్ లాబొరేటరీ కుక్కల ప్రవర్తనపై చాలా ఏళ్లు పరిశోధనలు జరిపింది. 1961లో అక్కడి పరిశోధకులు ఫ్రీడ్‌మన్, కింగ్, ఎలియట్ ప్రచురించిన ప్రయోగం ఈ విషయంలో నేటికీ ప్రస్తావనకు వస్తుంది. ఎత్తయిన కంచె ఉన్న పొలంలో, మనిషి కంట పడకుండా కుక్కపిల్లలను పెంచారు. వాటిలో కొన్నింటిని 2, 3, 5, 7, 9 వారాల వయసులో ఒక్కో వారం చొప్పున మనుషుల మధ్యకు తెచ్చి, తిరిగి పొలంలో వదిలారు. కొన్ని పిల్లలకు 14 వారాల దాకా మనిషి పరిచయమే లేకుండా చూశారు. నడిమి వయసులో ఒక్క వారం మనుషులతో గడిపిన పిల్లలు తర్వాత మనుషులకు దగ్గరయ్యాయి. 14 వారాల దాకా మనిషిని చూడనివి అడవి జంతువుల్లా బెదిరిపోయాయి. ఆ తర్వాత ఎంత శ్రమపడినా వాటి బెరుకు దాదాపు అలాగే ఉండిపోయింది.

3వ వారం నుంచి సుమారు 12 వారాల దాకా పిల్లలో కుతూహలం భయం కంటే బలంగా ఉంటుంది. ఆ తర్వాత తాసు భయం వైపు మొగ్గుతుంది. అప్పటిదాకా చూడని గొడుగు, హెల్మెట్ పెట్టుకున్న మనిషి, చక్రాల కుర్చీ, మిక్సీ మోత అన్నీ అనుమానించాల్సిన వస్తువులవుతాయి. పెద్దయ్యాక కరిచే కుక్కలన్నీ సహజంగానే దుడుకువి అనుకోవడం సరికాదు. కరవడం వెనుక తరచుగా ఉండేది భయమే. ఆ భయానికి విత్తనం చాలాసార్లు ఈ వారాల్లోనే పడుతుంది.

తల్లిని ఎప్పుడు విడదీయాలన్న ప్రశ్నకు కూడా ఇక్కడే జవాబుంది. కుక్కల పెంపకం, అమ్మకాలపై కేంద్రం 2017లో తెచ్చిన నియమాల ప్రకారం 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. అయినా నెల, నెలన్నర పిల్లలను చేతిలో పెట్టేవారు ఉన్నారు. చిన్నదైతే ఇట్టే మాలిమి అవుతుందన్న నమ్మకం అందుకు తోడవుతోంది. నిజానికి 5 నుంచి 8 వారాల మధ్య పిల్ల తన తోబుట్టువులతో ఆడుతూ ఒక ముఖ్యమైన పాఠం నేర్చుకుంటుంది. గట్టిగా కొరికితే ఎదుటిది కుయ్యిమని ఆట మానేస్తుంది, కాబట్టి పంటి బిగువు తగ్గించాలి. ముందే విడదీసిన పిల్లకు ఈ పాఠాన్ని మనుషులు తమ వేళ్ల మీద నేర్పాల్సి వస్తుంది. వయసు విషయంలో అమ్మేవారి మాట నమ్మాలో లేదో తెలియనప్పుడు నోరు తెరిచి చూడటం ఒక దారి. 8 వారాలకు 28 పాలపళ్లు దాదాపు అన్నీ వచ్చి ఉంటాయి. వెనుక పళ్లు ఇంకా పొడుచుకు రాలేదంటే పిల్ల చెప్పిన వయసు కంటే చిన్నదని అనుమానించవచ్చు.

టీకా వేసినా పార్వో అనే పేగుల జబ్బు ఎందుకు వస్తుంది

రెండో గడువు శరీరానిది. పుట్టిన మొదటి రోజు తాగే ముర్రుపాలలో తల్లి నుంచి రక్షక కణాలు, ప్రతిరక్షకాలు పిల్లకు అందుతాయి. కొన్ని వారాలపాటు పిల్లను కాచేది ఆ ప్రతిరక్షకాలే. అయితే టీకాలోని బలహీన వైరస్‌ను కూడా అవి శత్రువుగానే చూసి తుడిచేస్తాయి. వయసు పెరిగేకొద్దీ అవి తగ్గిపోతూ ఒక దశకు వస్తాయి. అప్పుడు నిజమైన వైరస్‌ను ఆపేంత బలం వాటికి ఉండదు, టీకాను అడ్డుకునేంత మాత్రం మిగిలి ఉంటుంది. ఈ ఖాళీ ఏ పిల్లకు ఎప్పుడు వస్తుందో పైకి కనిపించదు. ఒకే ఈతలో పుట్టిన పిల్లల మధ్య కూడా తేడా ఉంటుంది. 6 నుంచి 8 వారాల మధ్య మొదలుపెట్టి, 2 నుంచి 4 వారాలకొకటి చొప్పున 16 వారాలు దాటేదాకా టీకాలు వేయడంలో ఉద్దేశం ఇదే. ఏదో ఒక మోతాదు తల్లి రక్షణ పూర్తిగా తొలగిపోయాక పడాలి. మందు బలహీనమైనది కాబట్టి పదేపదే వేస్తున్నారన్న అపోహకు ఆధారం లేదు. రెండు సూదులు పడ్డాయి కదా అని చివరిది మానేసిన పిల్లలు పార్వో బారిన పడటానికి తరచుగా కారణం ఈ ఖాళీయే.

1970ల చివర ప్రపంచమంతా వ్యాపించిన పార్వో వైరస్ పేగుల లోపలి పొరను తినేస్తుంది. నెత్తుటి విరేచనాలు, వాంతులతో పిల్ల కొద్ది రోజుల్లోనే నీరసించిపోతుంది. ఇంటిని సిద్ధం చేసేవారు దీని గురించి తెలుసుకోవాల్సిన ముఖ్య విషయం దాని మొండితనం. నీడ, తేమ ఉన్న నేలలో అది నెలల తరబడి బతుకుతుంది. చెప్పుల అడుగున, బండి చక్రాలకు అంటుకుని గడప దాటుతుంది. ఘాటైన వాసన వచ్చినంత మాత్రాన ఫినాయిల్ దాన్ని చంపుతుందని నమ్మడానికి లేదు. నేలను ముందు శుభ్రంగా కడిగి, ఇళ్లలో వాడే ద్రవ బ్లీచ్‌ను 1కి 30 పాళ్ల నీటిలో కలిపి, పది నిమిషాలపాటు తడిగా ఉంచితేనే ఫలితం ఉంటుంది. అంతకుముందు ఆ ఇంట్లో పార్వోతో కుక్క చనిపోయి ఉంటే, పెరటి మట్టిని ఇలా శుద్ధి చేయడం కుదరదు. అలాంటి ఇంటికి టీకాలు పూర్తికాని పిల్లను తేకపోవడమే మంచిది.

రేబీస్ సంగతి వేరు. ప్రపంచంలో ఈ వ్యాధితో చనిపోయేవారిలో 36 శాతం భారతదేశంలోనే ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పిల్లకు ఈ టీకా సాధారణంగా మూడు నెలలకు వేస్తారు. అంటే మొదటి నెలంతా అది రేబీస్ రక్షణ లేకుండానే ఇంట్లో తిరుగుతుంది. వీధి నుంచి తెచ్చిన పిల్లను అంతకుముందు ఏ కుక్క కరిచిందో చెప్పేవారు ఉండరు. పాలపళ్లు సూదుల్లా ఉంటాయి, ఆటలో గీరుకోవడం తప్పదు. చిన్నపిల్ల కదా అని వదిలేయకూడదు. గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆస్పత్రిలో చూపించాలి.

గడప దాటకుండా లోకం చూపడం

మనసు గడువు 12 వారాల దగ్గర, ఒంటి గడువు 16 వారాల దగ్గర ఉన్నాయి. రెండోది ముగిసేదాకా ఆగితే మొదటిది చేజారుతుంది. అమెరికాలో పశువుల ప్రవర్తనపై పనిచేసే వైద్యుల సంఘం 2008 నుంచీ ఒక మాట చెబుతోంది: మొదటి టీకా పడిన వారం, పది రోజుల తర్వాత పిల్లను జాగ్రత్తగా కొత్త పరిచయాలకు తీసుకెళ్లవచ్చు. ఆ సలహాను తెలుగు పట్టణాలకు ఉన్నదున్నట్టు తేవడం మాత్రం ప్రమాదం. అక్కడి వీధుల్లో టీకాలు లేని కుక్కలు గుంపులుగా తిరగవు. ఇక్కడ కాలనీ మూలనున్న చెత్తకుప్ప, పార్కులోని గడ్డి, పశువుల ఆస్పత్రి వరండా నేల మూడూ పార్వో దొరికే చోట్లే.

నాలుగు కాళ్లూ బయటి నేలను తాకకుండా లోకాన్ని చూపించడమే ఇక్కడ కుదిరే మార్గం. చంకనెత్తుకుని సాయంత్రం కూరగాయల బజారు అంచున పది నిమిషాలు నిలబడితే ఆటో హారన్లు, తోపుడుబండ్లు, జనం అన్నీ పరిచయమవుతాయి. ఆస్పత్రిలో కూడా పిల్లను ఒళ్లోనే ఉంచుకోవాలి. ఇంటికి వచ్చిపోయేవారే గొప్ప పాఠశాల: చీర కట్టినవారు, లుంగీ కట్టినవారు, గడ్డం ఉన్నవారు, చేతికర్రతో నడిచే తాతయ్య, పాకే పసిబిడ్డ. అందరూ దాన్ని ఎత్తుకోనక్కరలేదు. దూరంగా కూర్చుని, అదే దగ్గరికి వచ్చినప్పుడు చిన్న తినుబండారం అందిస్తే చాలు. బలవంతంగా ముందుకు తోస్తే పరిచయం కాస్తా భయంగా మారుతుంది. టీకాలు పూర్తయిన, ఆరోగ్యంగా ఉన్న తెలిసినవారి కుక్కతో ఇంట్లోనే కలిపితే ఇంకా మేలు.

నేల మీద కూర్చుని చూస్తే ఇల్లు

పిల్ల రాకముందే ఎవరైనా ఒకరు నేల మీద కూర్చుని గదులన్నీ తిరిగి చూడాలి. ఇన్వర్టర్ తీగలు, మంచం కింద పెట్టిన ఎలుకల మందు, బీరువా కింది అరలో కలరా ఉండలు, మూలన వెలిగించిన దోమల చక్రం అప్పుడు కనిపిస్తాయి. నాలుగు నుంచి ఏడు నెలల మధ్య 28 పాలపళ్లు ఊడి 42 శాశ్వత దంతాలు వస్తాయి. చిగుళ్ల సలపరానికి పిల్ల ఏది దొరికితే అది నములుతుంది. పాత చెప్పు ఇచ్చి ఆడుకోమనడం మన ఇళ్లలో అలవాటు. పాత చెప్పుకూ నిన్న కొన్న చెప్పుకూ తేడా దానికి తెలియదు. నమలడానికి ఇచ్చే వస్తువు ఇంట్లోని మరే వస్తువునూ పోలకూడదు.

సంపు మూత ప్రత్యేకంగా చెప్పుకోవాల్సిన సంగతి. నీళ్ల ట్యాంకరు వచ్చినప్పుడో, మోటారు చూడటానికో తెరిచి మరిచిపోయిన సంపు కుక్కపిల్లకు ప్రాణాంతకం. బాల్కనీ కమ్మీల సందులో తల పట్టిందంటే ఒళ్లు కూడా దాదాపు పట్టినట్టే. కింది అడుగున్నర ఎత్తుకు జాలీ కట్టాలి. పెరట్లో గన్నేరు, ఉమ్మెత్త విషపూరితమైనవి. గన్నేరు ఆకు నమిలితే గుండె లయ దెబ్బతింటుంది.

టైల్స్, గ్రానైట్ నేలలను గురించి ఆలోచించేవారు తక్కువ. ఎదిగే పిల్లకు కాళ్లు జారిపోతూ ఉంటే తుంటి కీళ్ల మీద అడ్డదిడ్డంగా ఒత్తిడి పడుతుంది. నార్వేలో లాబ్రడార్ సహా నాలుగు పెద్ద జాతుల మీద జరిగిన అధ్యయనం 2012లో వెలువడింది. మూడు నెలలలోపు రోజూ మెట్లెక్కిన పిల్లల్లో తుంటి కీలు లోపం ఎక్కువగానూ, మెత్తటి నేల మీద స్వేచ్ఛగా తిరిగిన పిల్లల్లో తక్కువగానూ కనిపించింది. పిల్ల తిరిగే దారిలో పాత జంపఖానా, గోనె పట్టాలు పరచడం, మెట్ల దగ్గర చిన్న తలుపు అమర్చడం ఖర్చులేని పనులు.

దేవుడి గదిలోకి, వంటింట్లోకి రానివ్వాలా, మంచం ఎక్కనివ్వాలా అన్నది ప్రతి ఇంటి ఇష్టం. ఆ నిర్ణయం పిల్ల రాకముందే కుటుంబమంతా కలిసి తీసుకోవాలి. అమ్మమ్మ అదిలించి, మనవడు పిలిచి ఎత్తుకుంటే పిల్లకు అక్కడ నియమం ఉన్నట్టే అర్థం కాదు.

పెరుగన్నం, చికెన్ ముక్క, కాల్షియం లెక్క

కుక్కకు అన్నం అరగదన్న వాదన ఈమధ్య బలంగా వినిపిస్తోంది. 2013లో నేచర్ పత్రికలో వచ్చిన జన్యు పరిశోధన ఇందుకు భిన్నంగా చెప్పింది. పిండిపదార్థాలను అరిగించే ఎంజైమ్ తాలూకు జన్యువు తోడేలులో రెండు ప్రతులే ఉంటే, కుక్కల్లో ఎన్నో రెట్లు ఎక్కువగా ఉన్నాయి. మనిషి పంట తిని బతకడం కుక్క నేర్చుకుంది. అన్నం సమస్య కాదు. అన్నం, ఎముక లేని చికెన్ మాత్రమే పెట్టడం సమస్య. మాంసంలో కాల్షియం కంటే భాస్వరం పది రెట్లకు పైగా ఉంటుంది. ఆ తిండితో పెరిగే పిల్ల రక్తంలో కాల్షియాన్ని నిలబెట్టడానికి శరీరం ఎముకల నుంచే దాన్ని లాగుతుంది. కాళ్లు వంకర్లు పోతాయి, కొంచెం ఎత్తు నుంచి దూకినా ఎముక విరుగుతుంది.

దీనికి విరుగుడుగా కాల్షియం మందు పోయడం చాలామంది చేసే రెండో పొరపాటు. కుక్కపిల్లల కోసం తయారైన రెడీమేడ్ ఆహారంలో అది ఇప్పటికే తగిన పాళ్లలో ఉంటుంది. పెద్ద జాతి పిల్లల పేగులు అదనపు కాల్షియాన్ని వద్దని తోసిపుచ్చలేవు. అది ఎముకల ఎదుగుదలనే వికటింపజేస్తుంది. ఇంటి వంట పెట్టాలనుకుంటే పాళ్లను పశువైద్యుడితో లెక్క వేయించుకోవాలి.

కూర కలిపిన అన్నం మిగిలిందని పెట్టడం మరో చిక్కు. మన కూరల్లో ఉల్లి, వెల్లుల్లి లేనివి తక్కువ. అవి కుక్క ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. పండుగ పాయసంలోని కిస్‌మిస్ మూత్రపిండాలకు ప్రమాదం. చాక్లెట్, చక్కెర లేని చూయింగ్ గమ్‌లోని జైలిటాల్, ఇబుప్రోఫెన్, పారాసిటమాల్ మాత్రలు అందనిచోట ఉండాలి. వేసవిలో మామిడి టెంక, వానాకాలంలో మొక్కజొన్న కండె పేగులో అడ్డం పడితే కడుపు కోసి తీయాల్సి వస్తుంది. చెత్తబుట్టకు మూత బిగుతుగా ఉండాలనడం అందుకే. పాలు చాలా పిల్లలకు విరేచనాలు చేస్తాయి. పెరుగు కొంత నయం.

మొదటి వారం అంతకుముందు తిన్న తిండినే పెట్టి, తర్వాత ఏడు రోజుల్లో కొద్దికొద్దిగా మార్చాలి. నాలుగు నెలల దాకా రోజుకు మూడు, నాలుగు పూటలు అవసరం.

ఎండ, పిడుదులు, మోత

కుక్క ఒంటికి మనలా చెమట పట్టదు. నాలుక చాచి రొప్పుతూ వేడిని వదులుతుంది. రామగుండం, రెంటచింతల ఎండల్లో, గాలిలో తేమ ఎక్కువగా ఉండే విశాఖ ఉక్కపోతలో ఆ పద్ధతికి పరిమితి ఉంది. పగ్ లాంటి చప్పిడి ముక్కు జాతులకు, హస్కీ లాంటి మంచు ప్రాంతపు జాతులకు ఆ పరిమితి మరీ తక్కువ. జాతి ఎంపిక దగ్గరే దీన్ని ఆలోచించకపోతే తర్వాత ఏసీ బిల్లుతో తీరే విషయం కాదిది. వేసవిలో పిల్లను తెస్తే బయటి పనులన్నీ తెల్లవారుజామున, చీకటి పడ్డాకే జరగాలి.

పిడుదు తన జీవితంలో ఎక్కువ కాలం కుక్క మీద గడపదు. రక్తం తాగి రాలిపడి, గోడ పగుళ్లలో వేల గుడ్లు పెడుతుంది. ఒంటికి మాత్రమే మందు రాసి, పడుకునే చోటిని వదిలేస్తే రెండు వారాల్లో మళ్లీ మొదటికొస్తుంది. గోడ పగుళ్లు పూడ్చడం కూడా ఇల్లు సిద్ధం చేయడంలో భాగమే. పశువులకు వాడే పిడుదుల మందును నీళ్లలో కలిపి కుక్కపిల్లకు పూయడం పల్లెల్లో ఇంకా ఉంది. పాళ్లు తప్పితే అది నరాల మీద పనిచేసి పిల్ల ప్రాణం తీస్తుంది.

దీపావళి టపాసులు, వినాయక నిమజ్జనం డప్పులు ఏ వారంలో పడతాయో క్యాలెండరులో ముందే చూసుకోవాలి. ఆ మోతల రికార్డింగును వినీవినపడనంత చిన్నగా, తిండి పెట్టే వేళ వినిపిస్తూ రోజురోజుకూ కొద్దిగా పెంచితే పిల్ల దాన్ని తిండితో ముడిపెట్టుకుంటుంది.

అపార్టుమెంటు, చట్టం

పెంపుడు కుక్కను నగరపాలక సంస్థ వద్ద నమోదు చేయించాలి. కుక్కలను పెంచకూడదని నివాసుల సంఘాలు నిషేధం విధించడానికి వీల్లేదని భారత జంతు సంక్షేమ మండలి 2015లో మార్గదర్శకాలు ఇచ్చింది. యజమాని బాధ్యత కూడా అంతే స్పష్టం. నిర్లక్ష్యం వల్ల కుక్క మనుషులకు ప్రమాదం తెస్తే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, రూ.5,000 వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

రోజు ఎలా నడవాలి

రెండు నెలల పిల్ల రోజులో 18 గంటలకు పైగా నిద్రపోతుంది. ఇంట్లోని చిన్నారులు దాన్ని ఆడించడానికి పదేపదే లేపుతుంటే, సాయంత్రానికి చిరాకుపడి కొరకడం మొదలుపెడుతుంది. దాన్ని పొగరు అనుకుంటారు, అది నిద్రలేమి.

మూత్రాన్ని ఆపుకునే కండరాలు అప్పటికి బలపడవు. నిద్ర లేచిన వెంటనే, తిన్న కొద్దిసేపటికి, ఆట మధ్యలో వెళ్లక తప్పదు. కడుపులో తిండి పడగానే పెద్దపేగు కదలడం శరీర ధర్మం. కాబట్టి తిండి వేళలు స్థిరంగా ఉంటే విసర్జన వేళలు కూడా స్థిరపడతాయి. ప్రతిసారీ ఒకే చోటికి తీసుకెళ్లి, పని కాగానే అక్కడే మెచ్చుకుని తినుబండారం ఇవ్వాలి. తప్పు చోట పోస్తే ముక్కు అందులో రుద్దే పద్ధతి ఏమీ నేర్పదు. క్షణం ఆలస్యమైన శిక్షను పిల్ల మూత్రంతో కాక ఎదురుగా ఉన్న మనిషితో ముడిపెట్టుకుంటుంది. తర్వాత సోఫా వెనక్కి వెళ్లి పోస్తుంది. తుడిచాక వాసన మన ముక్కుకు తెలియకపోయినా దానికి తెలుస్తుంది. అమ్మోనియా ఉన్న క్లీనర్లయితే మూత్రం వాసననే పోలి ఉంటాయి.

ఏ నేల మీద విసర్జించాలన్న ఇష్టం 8, 9 వారాల ప్రాంతంలో స్థిరపడుతుంది. అపార్టుమెంటులో కేవలం వార్తాపత్రికకే అలవాటు చేస్తే, నాలుగు నెలలకు బయటకు తీసుకెళ్లినా తిరిగి ఇంటికొచ్చి కాగితం వెతుకుతుంది. బాల్కనీలో ఒక ట్రేలో మట్టి, గడ్డి పెంచడం దీనికి మంచి పరిష్కారం.

మొదటి రాత్రి ఏడుపు సహజం. తోబుట్టువుల వెచ్చదనంలో పడుకున్న ప్రాణి మొదటిసారి ఒంటరిగా ఉంటుంది. ఏడ్చి ఏడ్చి అదే ఊరుకుంటుందని వేరే గదిలో తలుపు వేయడం కంటే, మంచం పక్కనే పెట్టెలో లేదా బుట్టలో పడుకోబెట్టి, వారం తర్వాత కొంచెం కొంచెంగా దూరం జరపడం మేలు. రాత్రి మధ్యలో ఒకసారి లేచి బయటకు తీసుకెళ్లేది ఎవరో ముందే తేల్చుకోవాలి.

ఒంటరిగా ఉండటం కూడా ఇలాగే నేర్పాల్సిన విద్య. తలుపు మూసి ఒక్క నిమిషంలో తిరిగి రావడం, మరునాడు ఐదు నిమిషాలు, ఆ వారం చివరికి అరగంట. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇంట్లో ఈ మెట్లు ఎక్కించడానికి రెండు, మూడు వారాలు పడుతుంది. అన్ని రోజులూ ఇంట్లో ఒకరు ఉండగలిగే కాలం, దానికి తోడు మొదటి టీకా పడిన తేదీ, దగ్గర్లో పండుగ మోత లేని నెల, నడి ఎండలు కాని కాలం కలిసి వచ్చినప్పుడు పిల్లను తెచ్చుకోవాలి. అందుకోసం అవసరమైతే ఈ ఈతను వదులుకుని తర్వాతి ఈత దాకా ఆగడమే సరైన నిర్ణయం.